ఎచ్చెర్లలో నా మొదటి సెమిస్టరు

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి మండలానికి చెందిన చిన్న ఊరు. తెలుగు మాధ్యమంలో బి.ఏ. పూర్తిచేసి, 2022లో ఏపీ పీజీసెట్ రాసి, ఎచ్చెర్లలోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. అర్థశాస్త్రంలో చేరాను. మా మేనమామ చదువుకున్న రోజుల్లో అది ఆంధ్ర విశ్వవిద్యాలయపు పీజీ కేంద్రం. 2008లో విశ్వవిద్యాలయమైనా, ఆయన నోట మాత్రం నేటికీ అది "పీజీ సెంటరే". అప్పట్లో ఒక్కో విశ్వవిద్యాలయం ఒక్కో ప్రవేశ పరీక్ష పెట్టేదనీ, ఎక్కడ చదవాలంటే అక్కడికి వేరుగా దరఖాస్తు చేసుకోవలసి వచ్చేదనీ ఆయన చెప్పేవారు. 2021 నుంచి రాష్ట్రమంతటికీ ఒకటే పరీక్ష కావడంతో నా పని కొంత తేలికైంది. వెబ్ ఆప్షన్లలో ఎచ్చెర్లనే మొదట పెట్టాను, సీటు వచ్చింది.

చేరే రోజున తప్పు పూర్తిగా నాదే. మార్కుల జాబితాలు, ప్రొవిజనల్, కుల, ఆదాయ ధ్రువపత్రాలు అన్నీ సంచిలో సర్దుకున్నాను గానీ, డిగ్రీ కళాశాల నుంచి టీసీ తీసుకోవాలన్న ఆలోచనే రాలేదు. దానికోసం మళ్లీ ఊరికి వెళ్లి, మర్నాడు తిరిగి రావలసి వచ్చింది. మా వైపు రైలు ప్రయాణం కొత్తవారికి ఒక చిక్కు లెక్క. సోంపేట పేరుగల స్టేషను కంచిలిలో ఉంటుంది, శ్రీకాకుళం రోడ్డు అనే స్టేషను ఆమదాలవలసలో ఉంటుంది. కంచిలిలో రైలెక్కి, ఆమదాలవలసలో దిగి, బస్సులో శ్రీకాకుళం పట్టణానికి చేరి, ఆర్టీసీ కాంప్లెక్సులో ఇంకో బస్సు పట్టుకుంటే గానీ ఎచ్చెర్ల రాదు. రెండు రోజుల్లో ఆ దారిని మూడుసార్లు తొక్కాక, వారం వారం ఇంటికి వెళ్లిపోదామనుకున్న నా పథకం దానంతటదే వీగిపోయింది.

శ్రీకాకుళంలో ఏడు రోడ్ల కూడలికి కాస్త దూరంలో, ఒక పెద్దావిడ ఇంటి మేడ మీద ముగ్గురం కలిసి గది తీసుకున్నాం. ఒక అమ్మాయిది బొబ్బిలి, మరొకరు సీతంపేట నుంచి వచ్చిన సవర గిరిజన అమ్మాయి. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే ఆమె ఊరు పార్వతీపురం మన్యం జిల్లాలోకి మారడంతో, పాత కాగితాల్లో ఒక జిల్లా, కొత్త కాగితాల్లో ఇంకో జిల్లా ఉండేవి. ఎవరైనా ఏ జిల్లా అని అడిగితే, "ఏ కాగితం ప్రకారం?" అని ఎదురు ప్రశ్న వేసేది. సామాను పైకి ఎక్కిస్తుంటే ఇంటావిడ మెట్ల కింద నిలబడి, "ఏటమ్మా, వంట వొచ్చేటి మీకు? గిన్నెలు మాడబెట్టేస్తారేటి?" అన్నారు. ఆ యాస వినగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. మాడబెట్టడం విషయంలో ఆవిడ అనుమానం నిజమే అయిందన్నది వేరే సంగతి.

బియ్యం నేను ఇంటి నుంచి తెచ్చేదాన్ని, పప్పులు బొబ్బిలి అమ్మాయి కొనేది, గ్యాసుకు ముగ్గురం వేసుకునేవాళ్లం. ఎవరు ఎంత పెట్టారో తేలక రెండో వారంలోనే చిన్న పేచీ వచ్చింది. అందుకని రెండు వందల పేజీల నోటుపుస్తకం ఒకటి కొని, ముందు వైపు నుంచి వాటాల లెక్క రాయడం మొదలుపెట్టాను. అర్థశాస్త్రం విద్యార్థిని కాబట్టి ఆ బాధ్యత నాదేనని ఇద్దరూ తేల్చేశారు. బస్సు పాసు డబ్బులు మాత్రం ఎవరివి వారివే. ఇప్పటి అమ్మాయిలకు 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. మా లెక్కల్లో మాత్రం అది పెద్ద పద్దే.

అసలు కష్టం తరగతిలో ఎదురైంది. పాఠాలన్నీ ఇంగ్లీషులో సాగుతుంటే, మొదటి వారమంతా తల ఊపుతూ కూర్చున్నాను. నాకు అర్థశాస్త్రమే రాదేమోనని భయం పట్టుకుంది. ఒకరోజు అధ్యాపకులు బోర్డు మీద ఒక వంపు గీత గీసి, ఇండిఫరెన్స్ కర్వ్ అన్నారు. గీతను చూశాక వెలిగింది. అది బి.ఏ. మొదటి సంవత్సరంలో నేను పదిసార్లు గీసిన ఉదాసీనతా వక్రరేఖే. చిన్నప్పటి నుంచి ముద్దుపేరుతో పిలిచిన మనిషిని ఎవరో ఉద్యోగం పేరుతో పరిచయం చేసినట్టనిపించింది. ఆ సాయంత్రమే వాటాల పుస్తకాన్ని తిరగేసి, వెనుక వైపు నుంచి రెండు గళ్లు గీశాను. మార్జినల్ యుటిలిటీకి ఎదురుగా ఉపాంత ప్రయోజనం, ఎలాస్టిసిటీకి ఎదురుగా వ్యాకోచత్వం, ఆపర్చునిటీ కాస్ట్‌కు ఎదురుగా అవకాశ వ్యయం. రోజుకు పది మాటల చొప్పున, బస్సులో సీటు దొరికితే బస్సులోనే, లేకపోతే అన్నం ఉడికేలోపు రాసుకునేదాన్ని. పది మాటల్లో ఆరేడు నాకు ముందే తెలిసినవి కావడం, చదువుకు సాయపడటం కన్నా, నా బెదురునే ఎక్కువగా తగ్గించింది.

సెమిస్టరు చివర్లో సెమినారు ఇవ్వవలసి వచ్చింది. సరఫరా వ్యాకోచత్వం, అంటే ధర మారితే సరఫరా ఎంత మారుతుందన్నది, నా వంతుకు వచ్చింది. పుస్తకంలోని ఉదాహరణను బట్టీ పట్టి రెండు వాక్యాలు చెప్పి ఆగిపోయాను. అధ్యాపకులు, "తెలుగులోనే చెప్పమ్మా, మీ ఊరి సంగతే చెప్పు" అన్నారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా కొబ్బరి తోటను నేలకూల్చిన సంగతి చెప్పాను. ఉద్దానంలో కాయ తగ్గిపోయి ధర పెరిగితే లాభమేనని బయటివారు అనుకోవచ్చు గానీ, ఇవాళ మొక్క నాటితే నాటు రకం కొబ్బరి కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుందనీ, నాలుగేళ్ల కిందట నాన్న నాటిన మొక్కలు ఇంకా నా భుజం దాటి కాస్త ఎత్తుకే వచ్చాయనీ, కాబట్టి ధర ఎంత పెరిగినా ఈ ఏడు ఒక్క కాయ కూడా అదనంగా రాదనీ వివరించాను. మాటల ఊపులో, "ధరుంటే ఏటి, కాయుండాల కదా" అనేశాను. వెనుక బెంచీల్లో నవ్వారు. అధ్యాపకులు మాత్రం బోర్డు దగ్గరికి వెళ్లి, దాదాపు నిట్టనిలువుగా సరఫరా రేఖ గీసి, "ఈ అమ్మాయి చెప్పింది ఇదే" అన్నారు. నవ్విన వారిలో ఇద్దరు తరగతి అయ్యాక నా దగ్గరికి వచ్చి నోట్సు అడిగారు.

సంక్రాంతికి ఊరెళ్లి రెండు సంచుల కొబ్బరికాయలతో తిరిగి వచ్చాను. అవి మా తోటవి కావు, పక్క ఊళ్లో మా పెద్దమ్మ వాళ్లవి. వాటిని వాటాల్లో రాయనని నేనన్నా సీతంపేట అమ్మాయి ఒప్పుకోలేదు. కాయల సంఖ్య రాయించి, తన వంతుగా అడవి తేనె సీసా పద్దు కింద వేయించింది. రెండో సెమిస్టరు సగంలో ముందు నుంచి వస్తున్న లెక్కలు, వెనుక నుంచి వస్తున్న మాటలు ఎదురెదురు పుటల్లో కలుసుకున్నాయి. ఒక పుటలో అరకిలో కందిపప్పు, రెండో పుటలో ఉపాంత వ్యయం. ఇక చోటు లేక కొత్త నోటుపుస్తకం కొంటే, బొబ్బిలి అమ్మాయి దాని ధరను కూడా పట్టుబట్టి మూడు వాటాలు వేయించింది. వెనుక పుటలు నావి కదా, నేనే పెట్టుకుంటానన్నాను. పాత పుస్తకంలోని ఆ పుటలను ఇద్దరూ ఎప్పుడో తమ పుస్తకాల్లోకి ఎక్కించేసుకున్నారని అప్పుడు తెలిసింది.