బిట్‌కాయిన్ నెట్‌వర్క్: లెక్కకు అందేది, అందనిది

నా బిట్‌కాయిన్ నోడ్, అంటే ఆ నెట్‌వర్క్‌లో చేరి లావాదేవీలను సరిచూసే నా కంప్యూటర్, మొదటి రెండేళ్లు ఎవరి లెక్కలోనూ లేదు. అది రాత్రింబవళ్లు నడిచేది, వచ్చిన ప్రతి బ్లాకునూ (లావాదేవీల కట్టనూ) తానే సరిచూసుకునేది. అయితే బయటి నుంచి నోడ్‌ను చేరే తలుపు లాంటి 8333 పోర్టును రౌటర్‌లో తెరవలేదు కాబట్టి బయటివారెవరూ దానితో కనెక్షన్ పెట్టుకోలేకపోయేవారు. నెట్‌వర్క్‌లో ఇన్ని నోడ్‌లు ఉన్నాయని ఎవరైనా ఒక సంఖ్య చెప్పినప్పుడల్లా, అది పిలిస్తే పలికినవాటి సంఖ్యా, ఉన్నవాటి సంఖ్యా అని అడగడం నాకు అప్పుడే అలవాటైంది.

బిట్‌నోడ్స్ వంటి క్రాలర్లు, అంటే నోడ్ నుంచి నోడ్‌కు తిరిగి లెక్క తీసే ప్రోగ్రాములు, పలికినవాటినే లెక్కిస్తాయి. తెలిసిన ఒక నోడ్‌కు కనెక్ట్ అయి, పరస్పరం వెర్షన్ సందేశాలు మార్చుకున్నాక, ‘గెట్‌యాడర్’ అనే సందేశంతో నీకు తెలిసిన చిరునామాలు చెప్పమని అడుగుతాయి. వచ్చిన ప్రతి చిరునామా దగ్గరకూ వెళ్లి మళ్లీ అదే ప్రశ్న వేస్తాయి. ఒక నోడ్ తన చిట్టా మొత్తాన్ని ఒకేసారి బయటపెట్టదు. ఒక జవాబులో 1,000 చిరునామాలకు మించవు, పైగా తన దగ్గరున్నవాటిలో 23 శాతానికి మించి ఇవ్వదు. ఎక్కువ నోడ్‌లు నడిపే సాఫ్ట్‌వేర్ అయిన బిట్‌కాయిన్ కోర్, తన 0.21 వెర్షన్ నుంచి అదే జవాబును దాదాపు ఒక రోజు దాచి ఉంచి అడిగినవారందరికీ ఇస్తుంది కాబట్టి, పదే పదే అడిగి మొత్తం పిండుకోవడం కూడా కుదరదు. అలా చేతికి వచ్చిన చిరునామాల్లో చాలావాటి దగ్గర ఇప్పుడు ఎవరూ ఉండరు. ఎప్పుడో ఖాళీ చేసి వెళ్లిపోయినవారి చిరునామాలు పాత డైరీల్లో మిగిలినట్టు అవి నోడ్‌ల మధ్య తిరుగుతూనే ఉంటాయి.

పోర్టు తెరిచిన తరువాత నా నోడ్‌కు వచ్చిన కనెక్షన్లను కొన్నాళ్లు గమనించాను. కొన్ని గంటలకొద్దీ ఉండి బ్లాకులు, లావాదేవీలు ఇచ్చిపుచ్చుకునేవి. మరికొన్ని వచ్చి, వెర్షన్ అడిగి, చిరునామాలు తీసుకుని, క్షణాల్లో వెళ్లిపోయేవి. నెట్‌వర్క్‌ను కొలిచేవారు కూడా ఆ నెట్‌వర్క్ రద్దీలో ఒక భాగమేనని అప్పుడు అర్థమైంది.

తలుపు తెరవని నోడ్‌లను నేరుగా లెక్కపెట్టలేకపోయినా, వాటి పరిమాణాన్ని పరోక్షంగా ఊహించే దారి ఒకటుంది. మామూలు అమరికలో ఒక నోడ్ తనంతట తానుగా 10 కనెక్షన్లను నిలుపుకుంటుంది: అన్నిటినీ చేరవేసేవి 8, బ్లాకులకు మాత్రమే పరిమితమైనవి 2. అవన్నీ చేరేది తలుపు తెరిచిన నోడ్‌లకే. ఉదాహరణకు అటువంటి నోడ్‌లు 10,000 ఉండి, ఒక్కొక్కదానికి బయటి నుంచి సగటున 60 కనెక్షన్లు వస్తున్నాయనుకుంటే, మొత్తం కనెక్షన్లు 6,00,000; దాన్ని 10తో భాగిస్తే తలుపు తెరిచినవీ, తెరవనివీ కలిపి 60,000 నోడ్‌లు తేలతాయి. అయితే ఆ 60లో నేను చూసినటువంటి క్రాలర్లూ, పూర్తి నోడ్‌లు కాని తేలికపాటి వాలెట్లూ కలిసిపోయి ఉంటాయి కాబట్టి ఈ సంఖ్య నిజానికి కొంత ఎక్కువే చూపుతుంది. ఎంత ఎక్కువ అన్నది కొలిచేవాడి విచక్షణకు వదిలిన విషయం. బిట్‌కాయిన్ కోర్ అభివృద్ధిలో చాలాకాలం పాలుపంచుకున్న ల్యూక్ డాష్‌జూనియర్ తలుపు తెరవని నోడ్‌లను కూడా కలిపి ప్రకటించే అంచనా, క్రాలర్లు చెప్పే సంఖ్యకు కొన్ని రెట్లు ఉంటుంది. ఇద్దరూ అబద్ధమాడడం లేదు, కొలుస్తున్నది వేరు.

ఇక భౌగోళిక విస్తరణ విషయంలో నాకు మరీ ఎక్కువ అనుమానాలున్నాయి. ఐపీ చిరునామాను డేటాబేస్‌లో వెతికి దేశం పేరు రాయడమే సాధారణ పద్ధతి. అమెరికా, జర్మనీ, ఫ్రాన్స్ పైవరుసలో కనిపించడానికి అమెజాన్, హెట్జ్‌నర్, ఓవీహెచ్ వంటి సంస్థల డేటా సెంటర్లు ఒక ముఖ్య కారణం. అక్కడ సర్వర్ అద్దెకు తీసుకున్న మనిషి ఏ ఖండంలోనైనా ఉండవచ్చు. ఎక్కడున్నారో తెలియకుండా దాచే నెట్‌వర్క్ అయిన టార్‌లోని చిరునామాకైతే అసలు దేశమే ఉండదు. పైగా ఒకే యంత్రం ఐపీవీ4, ఐపీవీ6, టార్ మూడింటిపైనా అందుబాటులో ఉంటే మూడు నోడ్‌లుగా నమోదు కావచ్చు. ఇప్పుడు నా నోడ్‌కు టార్ చిరునామా కూడా ఉంది. ఒకప్పుడు ఏ లెక్కకూ రానిది బహుశా ఇప్పుడు రెండుగా లెక్కకు వస్తూ ఉండాలి.

కొత్త బ్లాకులను తయారుచేసే మైనింగ్ శక్తి పరిమాణం మాత్రం ఇంత జారుడుగా ఉండదు. బ్లాకు దొరకడం ఎంత కష్టమో చెప్పే సంఖ్య అయిన డిఫికల్టీని 2 ఘాతం 32తో, అంటే సుమారు 429 కోట్లతో గుణించి 600 సెకన్లతో భాగిస్తే మైనర్లు సెకనుకు ఎన్ని హ్యాష్‌లు (ప్రయత్నాలు) చేస్తున్నారో, అంటే హ్యాష్‌రేట్ ఎంతో తెలుస్తుంది. ఆ రోజు వచ్చిన బ్లాకుల సంఖ్యను బట్టి దాన్ని సవరించాలనుకుంటే, సగటున వచ్చే 144 బ్లాకులలో కేవలం యాదృచ్ఛికత వల్లనే సుమారు 8 శాతం హెచ్చుతగ్గులు ఉంటాయని గుర్తుంచుకోవాలి. ఒక్కరోజు గ్రాఫ్ చూసి హ్యాష్‌రేట్ కూలిపోయిందని వార్త రాసేవారు దీన్ని ఎందుకో పట్టించుకోరు.

కానీ ఆ శక్తి ఏ దేశంలో ఉందన్న ప్రశ్న దగ్గర మళ్లీ మొదటికే వస్తాం. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, సహకరించిన మైనింగ్ పూల్‌ల (మైనర్లు శక్తిని కలిపి పనిచేసే బృందాల) నుంచి మైనర్ల ఐపీ సమాచారాన్ని తీసుకుని దేశాలవారీ పటం తయారుచేశారు. చైనా 2021లో మైనింగ్‌ను అణచివేశాక, ఆ ఏడాది జులై, ఆగస్టు నెలల్లో ఆ దేశపు వాటా సున్నాగా నమోదైంది. సెప్టెంబరులో అది 22 శాతానికి ఎగబాకింది. అంత పెద్ద సంఖ్యలో యంత్రాలను ఒక్క నెలలో మళ్లీ తెచ్చి బిగించడం సాధ్యమయ్యే పని కాదు. వాటిలో చాలావరకు వేసవి అంతా అక్కడే తిరుగుతూ, అసలు చిరునామాను దాచే ప్రాక్సీ సర్వర్ల ద్వారా మరో దేశం ఖాతాలో జమ అయి ఉంటాయి.