బోటు అమ్మేశాను

డాలస్ వచ్చిన కొత్తలో ముచ్చటపడి కొన్న పెట్రోల్ ఆర్‌సీ (రిమోట్‌తో నడిపే బొమ్మ) బోటు శనివారం అమ్మేశాను. 26 సీసీ జెనోవా ఇంజిన్, ఫైబర్‌గ్లాస్ బాడీ. దాని రొదకి మా దగ్గర చెరువులో వదలనివ్వరు. రెండేళ్లుగా గరాజ్‌లోనే ఉంది, ఇంట్లో నాకు రోజూ అక్షింతలు.

కొనడానికి వచ్చినాయనకి డెబ్బై ఏళ్లుంటాయి. రంగూ చూడలేదు, గీతలూ చూడలేదు. ఇంజిన్ నుంచి ప్రొపెల్లర్‌ని తిప్పే ఫ్లెక్స్ కేబుల్‌ని ప్రొపెల్లర్ వైపు నుంచి బయటికి లాగి, దాని గ్రీజు వేళ్ల మధ్య రుద్ది చూశాడు. నీళ్లు చేరితే గ్రీజు పాలలా తెల్లబడుతుంది. నాది శుభ్రంగా ఉంది. (ముందురోజే కొత్తది రాశాను. ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.)

"ఆయిల్ ఎంత కలుపుతావు?" అన్నాడు. 25 పాళ్ల పెట్రోలుకి ఒక పాలు అన్నాను. తలూపాడు.

తాడు మూడోసారి లాగగానే ఇంజిన్ స్టార్టయింది. నీళ్లలో లేకుండా ఎక్కువసేపు తిప్పితే ఇంజిన్ వేడెక్కిపోతుంది కాబట్టి పది సెకన్లలో ఆపేశాం. పక్కింటి కుక్క మాత్రం అరగంట మొరిగింది.

600 డాలర్లు అడిగి 450కి ఇచ్చాను. బేరమాడటం నాకెప్పుడూ రాదు. కారెక్కించేటప్పుడు ఒక చివర నేనే పట్టుకున్నాను, వదలబుద్ధి కాలేదు.

సాయంత్రానికల్లా ఆ చోట్లో రెండు సోనామసూరి బస్తాలు వెలిశాయి. పెట్రోలు వాసన మాత్రం ఇంకా పోలేదు.