గేటు బయట పాట

మావాడికి మెయింటెనెన్స్, అంటే క్యాన్సర్ మళ్లీ రాకుండా చివర్లో ఇచ్చే కీమో, మొదలై నిన్నటికి ఆరు నెలలు. రోజూ రాత్రి మెర్కాప్టోప్యూరిన్ మాత్ర, వారానికోసారి మెథోట్రెక్సేట్. ఏఎల్ఎల్ అంటారు, పిల్లల్లో ఎక్కువగా వచ్చే బ్లడ్ క్యాన్సర్ ఇదే, చాలామందికి నయమవుతుంది అని డాక్టరమ్మ మెల్లగా చెప్పుకొచ్చింది గానీ, ఆ రోజు నా చెవికి ఎక్కింది క్యాన్సర్ అన్న మాటొక్కటే.

తెగ ప్రార్థన చేస్తున్నానని అందరికీ చెప్పాను. అబద్ధం. మొదటి నెల నోట మాటే రాలేదు. మా ఆయన మోకరిస్తే నేను గోడకేసి చూస్తూ కూర్చునేదాన్ని. స్టెరాయిడ్ల ఆకలికి వాడు రాత్రి రెండింటికి లేచి పప్పన్నం అడిగేవాడు, ముద్దలు కలిపి పెడుతూ ప్రభువా అనుకునేదాన్ని, అంతే.

దూరపు పిన్ని ఒకావిడ ఫోన్ చేసి, విశ్వాసం ఉంటే కీమో ఎందుకమ్మా అంది. ఒళ్లు మండింది. పాస్టర్ గారితో అంటే, నా షుగర్ మాత్రలు కూడా దేవుడిచ్చినవేనమ్మా, ఒక్క డోసూ మానొద్దు అన్నారు.

న్యూట్రోఫిల్స్ (ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్ల రక్తకణాలు) 500 కంటే తగ్గినప్పుడు ఎవర్నీ దగ్గరికి రానివ్వొద్దన్నారు. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక సంఘంవాళ్లంతా మా గేటు బయటే, మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడి పాట పాడారు (ప్లేట్‌లెట్లు ఇచ్చిన కుర్రాళ్లూ ఉన్నారు, శ్రుతి మాత్రం అడక్కండి). వాడు మాస్కు పెట్టుకుని కిటికీలోంచి చెయ్యి ఊపాడు. అప్పుడు ఏడ్చాను, చాలా రోజులకి.

దేవుడు చేసిన మేలు గురించి చర్చిలో సాక్ష్యం చెప్పమంటున్నారు. మందులు అయ్యాక చూద్దాం అన్నాను. గురువారం మళ్లీ రక్తపరీక్ష, నాకే టెన్షన్. వాడికి ఈసారి క్రిస్మస్ స్టార్ తనే కట్టాలట, నిచ్చెన ఎక్కనివ్వాలట.