కొండ దిగిన సంగతి

తిరుమలలో దర్శనం బాగా జరిగింది, లడ్డూలు దొరికాయి. ఈరోజు రాయాలనిపిస్తున్నది మాత్రం కొండ దిగిన సంగతి.

ఇంటర్ చదివే మా అక్క కూతురు పొద్దున ఎక్కేటప్పుడు కిటికీ వదల్లేదు, ఏమీ కాలేదు. దిగేటప్పుడు ఫోన్ పట్టుకుంది. నాలుగు మలుపులు తిరిగామో లేదో మొహం పాలిపోయి, నోట్లో ఊరుతున్న నీళ్లు మింగుతూ, “మావయ్యా, తిప్పుతోంది” అంది. అమ్మ సంచీలోంచి నిమ్మకాయ తీసి, గోటితో గిచ్చి దాని ముక్కు దగ్గర పెట్టింది. “పొద్దున బాగానే వచ్చింది కదరా, దిష్టేమో” అని అనుమానం కూడా.

దిష్టి కాదు, దారే వేరు. ఎక్కేది 1974లో వేసిన రోడ్డు. దిగేది 1944 నాటిది, హెయిర్‌పిన్ మలుపులు ఎక్కువగా దీంట్లోనే. పైగా ఫోన్ చూస్తున్న కళ్లు కదలట్లేదంటాయి, చెవి లోపలి గొట్టాల్లో ద్రవమేమో తిరుగుతున్నామంటుంది. ఆ తగువు మధ్య నలిగేది కడుపే.

డ్రైవర్ వెడల్పున్న చోట ఆపి, దాన్ని ముందు సీట్లోకి రమ్మన్నాడు. అడక్కుండానే మల్లెపూల సెంటు డబ్బా తీసి అరలో పడేశాడు (ఆ వాసనకి నాకే డోకొస్తోంది). ఆ తర్వాత ఆయన తోలడమే గమనిస్తూ కూర్చున్నాను. మలుపుకి ముందే వేగం తగ్గించి, రెండో గేరులో వేసి, మలుపులో బ్రేకు జోలికి పోకుండా తిప్పుతున్నాడు. ముందున్న సీసాలో సగం నీళ్లు మెల్లగా ఒరుగుతున్నాయే తప్ప ఎగరట్లేదు.

“నీకెప్పుడూ తిప్పదా అన్నా?”

“ఏ పక్కకి తిప్పుతానో నాకు ముందే తెలుసు గదా సామీ.”

హైదరాబాద్‌లో ఒకసారి ఎక్కిన ఎలక్ట్రిక్ క్యాబ్ గుర్తొచ్చింది. కుర్రాడు యాక్సిలరేటర్ మీంచి ఠక్కున కాలు తీసినప్పుడల్లా బండి దానంతటదే బ్రేకు వేసినట్టు బిగబట్టేది. ఇల్లు చేరేసరికి నా పని అయిపోయింది. మాత్రలూ అల్లం మురబ్బా మంచివే, కానీ నన్నడిగితే సగం మందు డ్రైవర్ పాదంలోనే ఉంది.

అలిపిరి దాటాక పిల్ల ఇడ్లీ అడిగింది.

డిసెంబరులో అరకు అంటోంది అక్క. మళ్లీ ఘాట్ రోడ్డే. మినీ బస్సులో వెనక వరస ఖాళీ ఉందట, ధర తక్కువట. రేపు ట్రావెల్స్‌కి ఫోన్ చేసి, కుదుపు తక్కువుండేలా ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ మధ్యనుండే సీట్లు అడగాలి.