జనం నాడి పట్టుకుందామని వీధిలోకి వెళ్తే

ఎన్నికల ప్రచారం ఊపందుకున్నాక ఎవరిని కదిపినా "గాలి ఎటుంది" అనే అడుగుతారు, కానీ కుదురుగా నలుగురిని అడిగి రాసుకున్నవాళ్లు నాకు కనపడలేదు. అందుకే నోట్‌బుక్ తీసుకుని నేనే వెళ్లాను. ఏ పార్టీ తరఫునా కాదు, తెలుసుకోవాలన్న ఆసక్తి, అంతే.

ముందు తేల్చుకోవాల్సింది ఎవరిని ఆపాలన్నది. మన ఇష్టానికి వదిలేస్తే నవ్వు మొహంతో వచ్చేవాళ్లని, మన ఈడువాళ్లని, తీరిగ్గా ఉన్నవాళ్లనే ఆపుతాం. కాబట్టి నా ముందు నుంచి వెళ్లే ప్రతి పదో మనిషినే అడగాలని నియమం పెట్టుకున్నాను, ఆ మనిషి చిరాగ్గా ఉన్నా సరే. చాలామంది ఆగరు. ఆగనివాళ్లనీ రాసుకున్నాను, ఆడా మగా, వయసు సుమారుగా ఎంత అని. ఎందుకంటే చెప్పకుండా వెళ్లిపోయేవాళ్లంతా ఒకే వైపు వాళ్లయితే, చెప్పినవాళ్లు ఎంతమంది ఉన్నా ఆ లెక్క తప్పుతుంది. 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో లిటరరీ డైజెస్ట్ పత్రికకి తగిలిన దెబ్బ ఇదే. ఎవరికి వేస్తారో చెప్పమని కోటి దాకా కార్డులు పంపారు, 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి, రూజ్‌వెల్ట్ మీద పోటీ చేసిన లాండన్ గెలుస్తాడని రాశారు. తీరా చూస్తే రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాల్లో 46 గెలిచాడు! కార్డులు ఎక్కువగా ఫోన్లు, కార్లు ఉన్నవాళ్లకి వెళ్లాయి, పైగా పనిగట్టుకుని తిప్పి పంపినవాళ్లలో రూజ్‌వెల్ట్ అంటే పడనివాళ్లే ఎక్కువ.

గుంపుగా ఉన్నవాళ్లని మాత్రం నోటితో అడగొద్దు. ఒకచోట నలుగురు నిలబడి ఉంటే అడిగాను, వాళ్లలో పెద్దాయన ఒక పేరు చెప్పగానే మిగతా ముగ్గురూ "మాదీ అదే" అన్నారు. అప్పటి నుంచి చీటీలు, మూత ఉన్న డబ్బా వెంట పెట్టుకున్నాను. చీటీ చేతికిస్తే మనిషి తీరే మారిపోతుంది. ఒకావిడ పక్కకి తిరిగి టిక్కు పెట్టి, చీటీని చిన్నగా మడిచి డబ్బాలో వేసి, మూత సరిగ్గా పడిందో లేదో తనే నొక్కి చూసుకుని మరీ వెళ్లింది. ఆవిడ భర్త అప్పటికే ఇద్దరి తరఫునా గట్టిగా ఒక పేరు చెప్పేశాడు.

ప్రశ్న కూడా జాగ్రత్తగా అడగాలి. "ఎవరు గెలుస్తారు" అంటే ఊళ్లో మాట చెప్తారు, "మీరు ఎవరికి వేస్తారు" అంటేనే సొంత మాట వస్తుంది. చీటీల మీద పేర్ల వరుస మార్చి మార్చి రాశాను, పైన ఉన్న పేరుకి ఊరికే టిక్కులు పడకుండా. "ఇంకా అనుకోలేదు" అన్నవాళ్లని బలవంతపెట్టకుండా వేరే గడిలో వేశాను, ఆ గడి చిన్నదేం కాదు. వాళ్ల కోసమే చివరి వారంలో మళ్లీ వెళ్లాను. 1948 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో గాలప్ లాంటి సర్వే సంస్థలు పోలింగ్‌కి వారాల ముందే అడగడం ఆపేసి డ్యూయీ గెలుస్తాడన్నాయి, గెలిచింది ట్రూమన్.

వెయ్యిమందిని అడిగితే తేడా 3 శాతం అటూ ఇటూ అంటారు కదా, ఆ మాట ఓటర్లందరిలోంచి లాటరీ తీసినట్టు మనుషుల్ని ఎంచుకుంటేనే చెల్లుతుంది. రోడ్డు మీదికి రాని ముసలివాళ్లు, షిఫ్టుల్లో ఉన్నవాళ్లు, పిల్లల్ని వదిలి కదల్లేనివాళ్లు నా నోట్‌బుక్‌లో లేరు. అందుకని శాతాల పక్కనే ఏ చోట, ఏ వేళ అడిగాను, ఎంతమంది ఆగలేదు అన్నది కూడా రాసిపెట్టాను. ఒక అభ్యర్థి మనుషులు వచ్చి ఆ శాతాలు మాత్రం ఫోటో తీసుకుంటామన్నారు. తీసుకుంటే పేజీ మొత్తం తీసుకోండి, లేకపోతే వద్దన్నాను. వాళ్లు తీసుకోలేదు.