సెస్నా రెక్క మీద చిన్న కన్నం

మేం పైలట్ శిక్షణకి వాడే చిన్న విమానం సెస్నా 172 ఎడమ రెక్క ముందు అంచులో చిన్న కన్నం ఒకటి ఉంటుంది. ఎగరబోయే ముందు విమానం చుట్టూ తిరిగి చూసుకునేటప్పుడు దాని మీద శుభ్రమైన రుమాలు వేసి, నోరు ఆనించి గాలి పీలుస్తాం. లోపలి నుంచి బూర ఊదినట్టు కూత వస్తే స్టాల్ హారన్, అంటే రెక్క విమానాన్ని మోయలేని స్థితి (స్టాల్) దగ్గర పడితే హెచ్చరించేది, బాగున్నట్టే. కొత్త స్టూడెంట్లు నేను ర్యాగింగ్ చేస్తున్నాననుకుంటారు. మాన్యువల్ తీసి చూపిస్తే గానీ నమ్మరు.

దానికి కరెంటు అక్కర్లేదు. ఎదురుగా వచ్చే గాలి రెక్క ముందు అంచున ఒక చోట పైకీ కిందికీ చీలుతుంది. రెక్కని గాలికి ఎత్తేకొద్దీ ఆ చోటు కిందికి జారుతుంది. అప్పుడు కన్నం దగ్గర పీడనం పడిపోయి, లోపలి గాలిని బయటికి లాగుతుంది. మధ్యలో ఉన్న రీడ్ (హార్మోనియంలో ఉండేలాంటి పలుచని రేకు) కూస్తుంది. స్టాల్‌కి 5 నుంచి 10 నాట్ల (ఒక నాట్ అంటే గంటకి సుమారు 1.85 కిలోమీటర్లు) ముందే హెచ్చరిక వచ్చేస్తుంది.

మొన్న ఇంటికెళ్తే పెదనాన్న అడిగాడు: "ఏమ్మా, స్పీడు తగ్గితే విమానం పడిపోతుందటగా?"

"స్పీడు తగ్గినందుకు కాదు పెదనాన్నా, కోణం ఎక్కువైనందుకు" అన్నాను. ఆయనకి నచ్చలేదు. నిజానికి చాలామంది స్టూడెంట్లకీ నచ్చదు.

రెక్క ముందు అంచు నుంచి వెనక అంచుకి గీత గీస్తే, ఆ గీతకీ ఎదురుగాలికీ మధ్య ఉండేదే యాంగిల్ ఆఫ్ అటాక్. సెస్నా రెక్కలాంటిది పైభాగం కాస్త ఉబ్బుగా ఉంటుంది కాబట్టి, మైనస్ 2 డిగ్రీల దగ్గర గానీ దాని లిఫ్ట్ (పైకెత్తే బలం) సున్నా కాదు. అక్కడి నుంచి డిగ్రీకి ఇంత అని లెక్కగా పెరుగుతూ పోతుంది. అదే స్పీడులో 2 డిగ్రీల దగ్గర వచ్చే లిఫ్ట్ 6 డిగ్రీలకి రెట్టింపవుతుంది. సుమారు 16 డిగ్రీల దాకా ఇదే వరస. ఆ పైన గాలి రెక్క పైభాగాన్ని అంటుకుని పారలేక విడిపోతుంది, లిఫ్ట్ పడిపోతుంది. అదే స్టాల్.

స్పీడు తగ్గితే అదే బరువు మోయడానికి కోణం పెంచాలి, అందుకే జనం స్పీడుని తప్పుపడతారు. కానీ 60 డిగ్రీలు వాలి, ఎత్తు తగ్గకుండా మలుపు తిరిగి చూడండి. రెక్క రెట్టింపు బరువు మోయాలి. మామూలుగా 48 నాట్ల దగ్గర స్టాలయ్యే సెస్నా అప్పుడు 68 దగ్గరే స్టాలవుతుంది.

ముక్కు ఎటు చూస్తోందన్నది కూడా మోసమే. 2009 జూన్ 1న రియో నుంచి పారిస్ వెళ్తున్న ఎయిర్ ఫ్రాన్స్ 447లో స్పీడు కొలిచే పిటో ట్యూబులకి మంచు పట్టి స్పీడు రీడింగులు తప్పాయి, ఆటోపైలట్ తప్పుకుంది. కో-పైలట్ సైడ్‌స్టిక్‌ని వెనక్కి లాగి ముక్కు పైకెత్తాడు. విమానం 38,000 అడుగుల దాకా ఎక్కి స్టాలయింది. సముద్రాన్ని తాకేటప్పుడు కూడా ముక్కు 16 డిగ్రీలు పైకే ఉంది. విమానం మాత్రం నిమిషానికి దాదాపు 11,000 అడుగుల వేగంతో పడుతోంది. పడేవాడికి గాలి కింది నుంచి తగులుతుంది కదా, అందుకే యాంగిల్ ఆఫ్ అటాక్ 35 డిగ్రీలు దాటిపోయింది. 228 మంది చనిపోయారు.

నన్ను ఇప్పటికీ కుదురుగా ఉండనివ్వనిది ఇంకోటి. కొలిచిన స్పీడు 60 నాట్ల కంటే తగ్గితే ఆ ఎయిర్ ఫ్రాన్స్ విమానంలోని కంప్యూటర్లు కోణం రీడింగుని లెక్కలోకి తీసుకోవు. దాంతో స్టాల్ బాగా ముదిరినప్పుడు హెచ్చరిక ఆగిపోయింది. ముక్కు కాస్త దించితే మళ్ళీ మోగింది. అంటే సరైన పని చేసినప్పుడే అలారం! ఆ టెన్షన్‌లో, చీకట్లో, ఎవరికి అర్థమవుతుంది?

ఆ విమానానికి కోణం కొలిచే సెన్సర్లు ఉన్నాయి, పైలట్ల ముందు మాత్రం కోణం చూపించే మీటర్ లేదు. అలాంటి మీటర్ తప్పనిసరి చేయడాన్ని పరిశీలించమని ఫ్రెంచి దర్యాప్తు సంస్థ సిఫార్సు చేసింది. విమానవాహక నౌకల మీద దిగే నేవీ పైలట్లు ఏనాటి నుంచో కోణాన్ని చూసుకునే దిగుతున్నారు. నన్నడిగితే, మొదటి రోజు స్టూడెంట్ కూర్చునే ట్రైనర్ విమానంలోనే ఆ మీటర్ ఉండాలి. మా సెస్నాల్లో లేదు. అందుకే "స్పీడు చూసుకో, స్పీడు చూసుకో" అంటూ నేనూ అరుస్తూనే ఉన్నాను.