ముఖం కనిపిస్తుంది, మనిషెవరో తెలియదు

కళ్ల డాక్టర్ నా చూపులో ఏ లోపమూ లేదన్నారు. అయినా బెంగళూరు మారతహళ్లిలో మా లిఫ్టులో పలకరించినావిడ ఎదురింటి అక్కో, పై అంతస్తు ఆవిడో నాకు తెలిసేది కాదు. గొంతు, నడక, జడ, ముక్కుపుడక... చిన్నప్పటి నుంచి వీటితోనే నెట్టుకొచ్చాను. ఆఫీసులో కొత్త టీమ్‌లోకి మారాక టెన్షన్ భరించలేక న్యూరాలజిస్ట్ దగ్గరికి వెళ్లాను.

తలకు దెబ్బ తగిలిందా, పక్షవాతం వచ్చిందా అని ఆయన ముందుగా అడిగారు. ముఖాలను గుర్తుపట్టలేని ఈ ఇబ్బంది (ప్రోసోపాగ్నోసియా) కొందరికి మెదడు దెబ్బతిన్నాక వస్తుంది, కొందరికి పుట్టుకతోనే ఉంటుంది. నా ఎమ్మారై మామూలుగానే వచ్చింది. ఆ తర్వాత నన్ను సైకాలజిస్ట్ దగ్గరికి పంపారు.

అసలు సంగతి అక్కడే తేలింది. జుట్టు కనబడకుండా కత్తిరించిన ముఖాలు ఆరు చూపించి, తర్వాత మూడేసి ఫొటోల్లోంచి వాటిని పట్టుకోమన్నారు. ఫొటోల్లో అందరూ తెల్లవాళ్లే. వేరే జాతి ముఖాలు ఎవరికైనా కొంచెం కష్టమే కాబట్టి ఈ ఒక్క పరీక్షతో తేల్చనన్నారావిడ. మా ఆయనతో తెలుగు నటుల ఫొటోలు తెప్పించి, అవీ అలాగే కత్తిరించి చూపించారు. కృష్ణుడి కిరీటం ఉంటే ఎన్టీఆర్‌ని రెప్పపాటులో చెబుతాను. కిరీటం, జుట్టు తీసేస్తే ఎవరో తెలియలేదు. అదే ఫొటోలో ఆయన నవ్వుతున్నారని మాత్రం వెంటనే చెప్పాను.

ఇదెలా అని అడిగితే ఆవిడ ఓపిగ్గా చెప్పారు. కళ్లు, ముక్కు, నోరు విడివిడిగా కాకుండా, మెదడు ముఖాన్ని మొత్తంగా ఒకేసారి చూస్తుంది. అందుకే ముఖం తలకిందులైతే చాలామంది తడబడతారు. నాకు నిటారుగా చూసినా, తలకిందులుగా చూసినా పెద్ద తేడా రాలేదు. మెదడు అడుగున, ముఖ్యంగా కుడివైపు, ముఖాలకు బాగా స్పందించే చోటు ఒకటుంది. 1997లో అమెరికాలో మెదడు శాస్త్రవేత్త నాన్సీ కాన్విషర్ బృందం దానికి ఫ్యూజిఫామ్ ఫేస్ ఏరియా అని పేరు పెట్టింది. నవ్వు, కోపం లాంటి కదిలే భావాలను చదవడంలో కణత వైపున్న మరో భాగానిది పెద్ద పాత్ర. పుట్టుకతోనే ఈ ఇబ్బంది ఉన్నవాళ్లలో కొందరికి స్కాన్‌లో ఈ చోట్లు బాగానే పనిచేస్తాయట. అక్కడి నుంచి మెదడులో ముందుకు సాగే నరాల దారులే బలహీనంగా ఉంటాయట. ఆ మాట విన్నాక నాకు ఏడుపొచ్చింది. మనుషులంటే నాకు లెక్కలేదని చిన్నప్పటి నుంచి ఎందరు అన్నారో!

వందలో ఇద్దరి దాకా ఈ లక్షణం ఉండొచ్చని అంచనా. కొన్ని కుటుంబాల్లో వంశపారంపర్యంగానూ వస్తుందట. నాకు వెంటనే అమ్మ గుర్తొచ్చింది. పెళ్లిళ్లలో ఎదురైన ప్రతివాళ్లనీ ‘బాగున్నారా, ఎప్పుడొచ్చారు?’ అని ఒకే తీరుగా పలకరిస్తుంది. ఫోన్ చేసి అడిగితే, ‘ఎవరో తెలియాలంటే వాళ్లు మాట్లాడాలి కదే, అందరికీ అంతే కదూ?’ అంది.

మందు లేదు. శిక్షణతో కొందరికి కొంత మేలు జరుగుతుందట, నేనింకా మొదలుపెట్టలేదు. ముందు మా టీమ్‌కి విషయం చెప్పి, బయట కలిస్తే మీరే పేరు చెప్పి మాట్లాడండి అని అడిగాను. చాలామంది చెబుతున్నారు. మర్చిపోయినవాళ్లను నేనే పేరు అడుగుతున్నాను.